ఎవరూ వద్దనని కచేరీ

మా అత్తగారింట్లో నన్ను ఎవరూ ఎప్పుడూ దేనికీ వద్దనలేదు. వాళ్ళను మెచ్చుకోవడానికి ఈ మాట చెప్పడం లేదు. వద్దని ఉంటే పోట్లాడేదాన్ని. పోట్లాట నాకు చేతకాని పనేమీ కాదు, ఎమ్మిగనూరులో మా వీధి ఆడవాళ్ళందరికీ అది పుట్టుకతో వచ్చిన విద్య. ఆదోనిలో నాకు దొరికింది పోట్లాటకు చిక్కని ఇల్లు. ఏది అడిగినా "నీ ఇష్టం" అనేవాళ్ళు. అనేసి, ఇదేం చేస్తుందో చూద్దామని నా మొహం చూస్తూ కూర్చునేవాళ్ళు.

మా నాన్న చీరలు నేసేవాడు. ఇంట్లో రెండు గుంత మగ్గాలుండేవి. మా అమ్మా నేనూ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేవాళ్ళం. అలాంటి ఇంటి పిల్లకు సంగీతం ఎట్లా వచ్చిందని ఆదోనిలో చాలామంది అడిగారు. ఆడపిల్లల బడిలో మాకు పాటల టీచరమ్మ ఒకామె ఉండేది. ఎక్కడో కోస్తా నుంచి ఉద్యోగానికొచ్చిన మనిషి, ఒంటరిది. బడి వదిలాక తన ఇంటి వరండాలో చాప పరిచి నలుగురైదుగురికి పాఠం చెప్పేది. నేను చిన్నపిల్లగా ఆ చాప మీద కూర్చుని, పెళ్ళి కుదిరాక లేచాను. ఆమె ఎవరినీ మెచ్చుకునేది కాదు. బాగా పాడితే "ఊఁ, ఇంకోసారి" అనేది. బాగాలేకపోతే హార్మోనియం మూసేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

పెళ్ళిచూపుల్లో నా చేత రెండు కీర్తనలు పాడించుకున్నారు. మా మామ కళ్ళు మూసుకుని తలాడిస్తూ విన్నాడు. "పాటకు ముచ్చటపడే చేసుకున్నాము" అని పెళ్ళిలో వచ్చినవాళ్ళందరికీ చెప్పారు. పెళ్ళయ్యాక ఆ పాట ఏమైందని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. కొనేటప్పుడు చీర అంచును వెలుతురులో పెట్టి చూస్తాం, కట్టుకున్నాక దాన్ని ఎవరు చూస్తారు.

ఆదోనిలో ఇల్లంతా పత్తి. మా మామ ఒక షావుకారు పత్తి మండీలో గుమాస్తా. మా ఆయన అదే షావుకారుకున్న, గింజ నుంచి దూది వేరుచేసే జిన్నింగు మిల్లులో లెక్కలు రాసేవాడు. ఇద్దరూ సాయంత్రం ఇంటికొస్తే చొక్కాల మీద, కనుబొమ్మల మీద దూది ఉండేది. వాళ్ళ తాతల నాడు వాళ్ళూ నేతవాళ్ళే, మగ్గం వదిలి మూడు తరాలైంది. మగ్గం మీద బతికే మమ్మల్ని చూస్తే వాళ్ళకు జాలి. ఆ జాలి మాటల్లో కనపడనిచ్చేవాళ్ళు కాదు, అన్నం వడ్డించేటప్పుడు కనపడేది.

డెబ్భైల నడుమ మాట ఇది. పాపకు అప్పుడు ఏడాదిన్నర. నడక దాటి పరుగు నేర్చుకుంటున్న రోజులు. ఇంట్లో ఏ మూల పత్తిగింజ పడినా ముందు దాని నోట్లో ఉండేది. నేను వంటింట్లో కూనిరాగం తీస్తే చేస్తున్న పని ఆపి, నా ఒళ్ళోకెక్కి, వేళ్ళు నా నోట్లో పెట్టి వెదికేది. చప్పుడు లోపల ఎక్కడుందో చూద్దామని. ఆ ఇంట్లో నా పాట గురించి ఆరా తీసిన మనిషి అదొక్కతే.

ఆ పుష్యమాసంలో మా నాన్న చీరలు అంగడికి వేసిపోవడానికి ఆదోని వచ్చి, అటునుంచి అటే మా ఇంటికి వచ్చాడు. నడుమింట్లో కూర్చుని మజ్జిగ తాగి చెప్పాడు.

"మా ఊరి జాతరలో ఈసారి టీచరమ్మది పాట కచేరీ పెట్టినారు మా. మూడో దినం సాయంత్రం, గుడి ముందర బయల్లో పందిరేస్తాండారు. నిన్ను పక్కన కూసోబెట్టుకోని పాడిస్తాదంట. నడుమ ఒక కీర్తన నువ్వొక్కదానివే పాడల్లంట. సెప్పి రమ్మనింది."

ఎమ్మిగనూరు జాతరంటే ఎడ్లు అమ్మే పరస, నాటకాలు, హరికథలు. ఆ పందిట్లో ఆడమనిషి కూర్చుని సంగీతం పాడడం నాకు తెలిసి అదే మొదలు. ఆమె తన శిష్యురాళ్ళందరిలో నన్ను పిలిచింది. ఒకే ఒక్కసారి కూడా బాగుందనని మనిషి, పెళ్ళయి ఊరొదిలి పోయిన నన్ను, నీ కీర్తన నువ్వే పాడు అంటోంది. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ సంగతి దాచుకోవడం కూడా రాలేదు.

మా నాన్న చేసిన పొరపాటు ఒక్కటే, ఆ మాట మా అత్త ముందర చెప్పడం. ఆమె నవ్వుమొహంతోనే విన్నది.

"మంచిదే గదప్పా. మా కోడలు అంతమందిలో పాడ్తాదంటే మాకు మాత్రం సంతోషం కాదా? పాపను ఎట్ల చేస్తాదో మరి."

అంతే అన్నది. ఆ క్షణం నుంచి జాతర రోజు దాకా ఆ ఇంట్లో కచేరీ గురించి ఒక్క మాట నడవలేదు. నేను ఏ కీర్తన పాడతాను, గొంతు నిలుస్తుందా, పక్కవాద్యం ఎవరు, ఒక్కరికీ పట్టలేదు. నడిచిందంతా పాపను తీసుకుపోవచ్చా, పోకూడదా అన్నదే.

మా మామ మంచు సంగతి చూసుకున్నాడు. పుష్యమాసపు మంచు బిడ్డల నెత్తిన పడితే రొమ్ము పడిశం పడుతుందని, బయల్లో పందిరి ఎంత కప్పినా పక్కల నుంచి చలి కొడుతుందని చెప్పాడు. ఉన్ని టోపీ వేస్తాను, శాలువా చుడతాను అన్నాను. "వేస్తావు మా, పిల్లలు పీకేస్తారు" అన్నాడు. అది నిజమే. పాప తల మీద ఏదీ నిలిచేది కాదు.

మా ఆయన జనం సంగతి చూసుకున్నాడు. జాతరలో తప్పిపోయిన పిల్లల గురించి మైకులో ఎట్లా చెబుతారో, తల్లులు ఎట్లా గుండెలు బాదుకుంటారో తను చూసినవీ చూడనివీ చెప్పాడు. అయితే మీరు రండి, నేను పాడేంతసేపు పాపను మీరెత్తుకోండి అన్నాను. ఆ ఇంట్లో నేనన్న మాటల్లో అందరికంటే వింతైన మాట అదే అయింది.

"అంత జనంలో మగోణ్ణి బిడ్డనెత్తుకోని నిలబడల్లనా? పెండ్లాం పైన పాడ్తాంటే?" అన్నాడు.

అందులో ఏది తప్పో నాకు అర్థం కాలేదు. ఎత్తుకోవడమా, నిలబడడమా, నేను పైన ఉండడమా? మూడోదేనని ఇప్పుడు తెలుసు.

మా అత్త దేవుడి సంగతి చూసుకున్నది. వాళ్ళ ఇంటి దేవుడు కర్ణాటక వైపు ఒక కొండ మీద ఉన్నాడు. ఆ దేవుడికి పుట్టువెంట్రుకలు ఇచ్చేదాకా బిడ్డను ఇంకో దేవుడి జాతరకు తీసుకుపోకూడదు, పోతే ఇంటి దేవుడికి కోపం వస్తుంది. పాపకు ఏడాది నిండేలోగా తీయాల్సిన వెంట్రుకలు. ఆ ఏడు మామ అన్నగారు పోవడంతో మైల వచ్చి ఆగిపోయాయి. ఇక మూడో ఏటనే తీయాలి. మా ఇళ్ళల్లో ఈ పట్టింపు లేదు. మాకు వీలు చిక్కినప్పుడు, మేనమామ ఊళ్ళో ఉన్నప్పుడు తీయించేవాళ్ళం.

"పాపను గుడికాడికి తీసుకపోను అత్తా. మా ఇంట్లో మా అమ్మ దగ్గర ఉంచుతా" అన్నాను.

"మీ యమ్మ సల్లగుండ. జాతర జరిగే ఊరి పొలిమేర దాటితే ఆ దేవుని తావుకి పోయినట్లే మా" అన్నది.

"అయితే ఈడనే మీ దగ్గర ఇడ్సిపోతా. మాపు పోయి, పొద్దున మొదటి బస్సుకే వస్తా."

"ఇడ్సిపో. నేను సూసుకోనా? నా బిడ్డ కాదా?" అన్నది వెంటనే. నాకు ప్రాణం లేచొచ్చింది. బియ్యంలో రాళ్ళేరుతూ, తల ఎత్తకుండా, తన చిన్నప్పుడు చూసిన ఒక పిల్ల కథ చెప్పింది. తల్లి ఊరికి పోతే రాత్రంతా పాలకోసం ఏడ్చి ఏడ్చి, తెల్లారేసరికి కళ్ళు పైకి తేలేసిందట ఆ పిల్ల. "అట్లయితాదని కాదు. మాట మీద మాటొచ్చి సెప్పినా" అన్నది.

పాప ఇంకా నా రొమ్ము పట్టుకునే నిద్రపోయేది. అది అందరికీ తెలుసు. అందుకే ఆ కథ.

గోల సంగతి కూడా వచ్చింది. మైకు చప్పుడుకు పసిపిల్లల చెవులు పోతాయని మామ అన్నాడు. నేను మగ్గం పక్కన తొట్లెలో పెరిగినదాన్ని. మా ఇళ్ళల్లో తల్లి నేస్తూనే కాలి బొటనవేలికి తాడు కట్టుకుని తొట్లె ఊపుతుంది. మగ్గం ఆగితే పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. ఆ మాటే చెప్పాను. మామ మర్యాదగా నవ్వాడు. "మీ ఇండ్లు వేరు మా" అన్నాడు.

మా గోడ అవతల దూది ఏకి పరుపులు కుట్టే తురకల ఇల్లు. ఆ ఇంటి పెద్దామెను నేను ఖాలా అని పిలిచేదాన్ని. ఒకరోజు పెరట్లో గోడ మీద నుంచి అంతా చెప్పుకున్నాను. ఆమె విని అడిగింది.

"వద్దంటాండారా?"

"లేదు ఖాలా."

"పోయిరా అంటాండారా?"

"లేదు."

"అయితే వద్దనే గదా బేటీ" అని తన పనికి పోయింది.

అర్థం కాలేదని అనను. ఒప్పుకోవడానికి మనసు రాలేదు. పొద్దున్నే నీళ్ళు కాగేలోపల, రోలు దగ్గర, బావి దగ్గర గొంతు విప్పి సాధన చేసుకున్నాను. పైస్థాయిలో నిలవలేక జారుతున్న చోట పట్టుకుని పట్టుకుని మళ్ళీ సాధించాను. అత్త వినేది. ఒకసారి పక్కింటావిడ "మీ కోడలు ఎంత బాగా పాడ్తాదమ్మా" అంటే, "ఊ, గొంతు మంచిదే. బిడ్డ విషయమే యోచన" అన్నది. యోచన అన్నమాట ఆ రోజుల్లో ఎంతమంది నోట విన్నానో! అంతమంది కూర్చుని యోచన చేస్తే ఒక చెరువు తవ్వొచ్చు.

చివరికి నాకు నేనే తేల్చుకున్నాను. పాపను తీసుకునే పోతాను. పాలిచ్చి నిద్రపుచ్చి అమ్మ ఒళ్ళో పెట్టి వేదికెక్కుతాను. దేవుడికి కోపమొస్తే నా మీదికే రానీ. ముందురోజు సాయంత్రం ఆ మాట ఇంట్లో చెప్పాను. మా ఆయన చేతులు కడుక్కుంటూ, "నీ ఇష్టం. ఏమన్నా అయితే మాత్రం నన్ను అనొద్దు" అన్నాడు. అత్త చేటలో బియ్యం చెరుగుతూనే ఉంది. మామ పంచె మడతలు సరిచేసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం బస్సు. నాన్న నేసిన ఆకుపచ్చ పట్టుచీర, పాప బట్టలు, టోపీ, శాలువా, అన్నీ సంచిలో సర్దాను. తలంటుకున్నాను. పాప పెరట్లో ఎండలో కూర్చుని చెంబులోకి మట్టి ఎత్తిపోసుకుంటోంది. దాన్ని ఎత్తుకుని, కడిగి, కొత్త గౌను వేసి వాకిట్లోకి వచ్చాను. మా ఆయన మమ్మల్ని బస్సెక్కించడానికి చెప్పులేసుకున్నాడు.

అత్త వచ్చి పాప తలమీద చెయ్యిపెట్టింది. దీవిస్తోందనుకున్నాను. చెయ్యి అట్లాగే ఉంచి, తర్వాత మెడ కింద పెట్టి చూసింది.

"ఒళ్ళు వెచ్చగుందే" అన్నది.

మామ లేచి వచ్చి పట్టుకుని చూశాడు. "ఆఁ, కొంచెం ఉండాది" అన్నాడు. మా ఆయన పట్టుకుని చూసి చెప్పులు విప్పేశాడు. నేను పాప చెంపకు నా చెంప ఆనించాను. వెచ్చగానే ఉంది. ఎప్పుడు వెచ్చగా లేదు? పసిబిడ్డలు చల్లగా ఉంటే కదా భయం.

"ఇంతసేపు ఎండలో కూర్చునింది అత్తా, అది" అన్నాను.

"ఎండదేనేమో. నువ్వు తల్లివి, నీకు తెల్దా?" అన్నది.

ముగ్గురూ నా వైపు చూశారు. అప్పటిదాకా మంచుకు జవాబు చెప్పాను, జనానికి చెప్పాను, దేవుడికి కూడా చెప్పాను. తల్లివి నీకు తెలియదా అన్నదానికి నా దగ్గర జవాబు లేకపోయింది. తెలుసు అని బస్సెక్కి, దారిలో నిజంగానే జ్వరం వస్తే? ఆ తర్వాత ఆ ఇంట్లో నేను బతికేదెట్లా? ఎదురుగా నిలబడిన ముగ్గురి మొహాల్లోనూ ఆ లెక్క రాసిపెట్టి ఉంది. సంచి దించాను. మా ఆయన, "సరే, నేను మిల్లు దాకా పోయొస్తా" అని మెట్లు దిగాడు. నడకలో ఎంత హాయి ఉందో వెనక నుంచే కనపడింది.

పాప ఆ మధ్యాహ్నం రెండుసార్లు అన్నం తిన్నది. కోడి వెంట పడి వీధి చివరి దాకా పరుగెత్తింది. సాయంత్రం అందరి ఒళ్ళోకి ఎగిరి దూకింది. జ్వరం ఆ పూట రాలేదు, మర్నాడు రాలేదు, ఆ నెలంతా రాలేదు. వచ్చి ఉంటే నాకు ఇంత మంట ఉండేది కాదు. అందరితోపాటు నేనూ పాప నుదుట తడిగుడ్డ వేస్తూ, పోకపోవడమే మంచిదైంది అనుకునేదాన్ని. దానికి కూడా నోచుకోలేదు. కచేరీ మొదలయ్యే వేళకు మిద్దెక్కి ఎమ్మిగనూరు వైపు తిరిగి కూర్చున్నాను. అంత దూరం ఏమి వినపడుతుంది? మిల్లు సైరను వినపడింది.

కొన్నాళ్ళకు మా నాన్న వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. బస్సు దిగేవాళ్ళను చూసుకుంటూ స్టాండులో నిలబడ్డాడట. చివరి బస్సు దాకా చూసి, పాపకు ఒళ్ళు బాగాలేదేమో అని టీచరమ్మకు చెప్పాడట.

"శ్రుతి సరిసూసుకునే దాకా నీ సోటు నీకే ఉంచినారు మా. ఇంక లాభం లేదని ఆ సిన్నపిల్లను కూసోబెట్టుకునింది" అన్నాడు.

ఆ చిన్నపిల్ల నా వెనక చాప మీద కూర్చుని నేర్చుకున్నదే. నా కీర్తన ఆ పిల్లే పాడింది. బాగా పాడిందట. ఆ తర్వాత కొన్నేళ్ళకు రేడియోలో కూడా పాడింది, వంటింట్లో పోపు వేస్తూ విన్నాను. బాగానే పాడింది, ఆ పిల్ల మీద నాకు కోపం లేదు.

"టీచరమ్మ ఏమనింది నాయనా?" అని అడిగాను.

"కచేరీ అయినంక నన్ను పిల్సి, పాపకు ఎట్లుందో కనుక్కోని చెప్పమనింది" అన్నాడు.

అది విన్నప్పుడు ఏడ్చాను. తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని కాదు. మరుసటి ఏడు ఆమెకు ఎక్కడికో బదిలీ అయింది. ఆమెకు నేను నిజం చెప్పుకోనే లేదు.

ఇంతటితో ఆగి ఉంటే అందరు ఆడవాళ్ళ కథే కదా అని నేనూ సర్దుకునేదాన్నేమో. ఆగలేదు. మాఘమాసంలో షావుకారు కూతురి పెళ్ళి వచ్చింది. మా మామకూ మా ఆయనకూ ఇద్దరికీ అన్నం పెట్టే షావుకారు. పెళ్ళి ఊరి బయట ఒక గుడి ముందర. పెద్ద బయలంతా పందిళ్ళు, బళ్ళారి నుంచి సినిమా పాటల ఆర్కెస్ట్రా. ఇంటిల్లిపాదీ రావాలని షావుకారు భార్య స్వయంగా వచ్చి బొట్టు పెట్టి పోయింది.

పెళ్ళి సాయంత్రం అత్త పాపకు గౌను వేస్తుంటే, "పుట్టెంటికలు తీయలేదు గదత్తా, గుడికాడికి ఎట్ల?" అన్నాను. ఎత్తిపొడుపుకే అన్నాను. ఆమెకు అది తగల్లేదు.

"అవును సుమా, మంచి జ్ఞాపకం చేసినావు" అని లేచింది. పసుపు కలిపి ఒక గుడ్డముక్కకు రాసింది. అందులో ఒక నాణెం వేసి ముడి వేసింది. ముడుపు దేవుడి గూట్లో పెట్టి, "తండ్రీ, మూడో ఏట వచ్చి వెంటికలిస్తాము, అందాకా బిడ్డ యాడికి పోయినా కాపాడు" అని దండం పెట్టింది. పొయ్యి మీద పెట్టిన కాఫీ నీళ్ళు ఇంకా మరగలేదు, దేవుడి పని అయిపోయింది.

పెళ్ళిలో మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. పక్కనే బీరువాలంత స్పీకర్లు. మాఘమాసమైనా మంచు కురుస్తూనే ఉంది. మా ఆయన తోటి గుమాస్తాలకు చూపించడానికి పాపను భుజాన వేసుకుని పందిరంతా తిరిగాడు. అంత జనంలో, మగవాడు. మామ పాప తల మీద టోపీ లేదన్న సంగతే గమనించలేదు. డ్రమ్ములు వాయించేవాడు ఊగిపోతూ వాయిస్తున్నాడు. పాప కాసేపు నోరు తెరుచుకుని చూసి, నా ఒళ్ళోకి వచ్చి, ఆ గోలలోనే, నా కొంగు పట్టుకుని నిద్రపోయింది. భోజనాలకు లేపితే లేవలేదు. ఆ నిద్రపోతున్న మొహాన్ని చూస్తూ కూర్చున్నాను. పక్కన ఎవరో ఏం తల్లీ, పాట బాగలేదా అని అడిగారు.

మర్నాడు పొద్దున అత్త పాపను ముందు కూర్చోబెట్టుకుని తలకు నూనె రాస్తోంది. ఇక నా వల్ల కాలేదు.

"ఈ ముడుపేదో ఆ పొద్దు కట్టుంటే నేను పోయి పాడివచ్చేదాన్ని గదత్తా. ఎందుకు కట్టలేదు?" అన్నాను.

ఆమె నూనెచెయ్యి ఆపి నిజంగానే ఆశ్చర్యపోతూ నన్ను చూసింది.

"నువ్వు అడగలేదు గదమ్మా. అడిగింటే కట్టనా?"

"ముడుపనేది ఒకటుంటాదని నాకెట్ల తెలుస్తాది?"

"మీ ఇండ్లల్లో కట్టరేమో. మాకేం తెలుసు" అని మళ్ళీ నూనె రాసుకుంటూ కూర్చుంది.

మా ఆయనను అడిగాను. "అమ్మ ఇట్లాంటివి ఎన్నో చేస్తుంటాది. ఆ పొద్దు ఎవరికీ తోచలేదు. అయిపోయినదానికి ఇప్పుడేమి?" అన్నాడు.

తోచలేదన్నది నిజమే. నా మంట అంతా అదే. మా అత్త దుర్మార్గురాలైతే నాకు సుఖంగా ఉండేది, హాయిగా తిట్టుకునేదాన్ని. నా పురిటికి ఆమే చేసింది, జబ్బు చేస్తే పక్కన కూర్చుంది. షావుకారు పెళ్ళికి పోకుండా ఉండడమనేది వాళ్ళ ఊహకే రాదు కాబట్టి దారి తోచింది. నా కచేరీకి పోవాలన్నది కూడా వాళ్ళ ఊహకు రాలేదు. రానిదానికి దారి ఎవరు వెదుకుతారు? అందరూ నాకు అడ్డం పడ్డారనుకుని అన్ని రోజులు లోలోపల పోట్లాడుకున్నాను. అడ్డం పడేంత పెద్ద సంగతి అని కూడా వాళ్ళు అనుకోలేదు.

తర్వాత జరిగింది ఇంకా అన్యాయం. మా అత్త ఈ కథను మెచ్చుకోలుగా చెప్పడం మొదలుపెట్టింది. చుట్టాలొస్తే, పక్కింట్లో కొత్త కోడలొస్తే, నోములకు నలుగురు కూడితే, "మా కోడలు మహాతల్లి. జాతరలో పాటకచేరీకి పిలిస్తే, పాపకు ఒళ్ళు వెచ్చగుందని బస్సెక్కేది కూడా మానుకునింది. మేము పొమ్మన్నామమ్మా, తనే పోలేదు" అనేది. విన్నవాళ్ళు నన్ను దేవతను చూసినట్టు చూసేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. మానుకోలేదు, మాన్పించారు అని ఒకటి రెండుసార్లు అన్నాను. "సూడండి, ఎంత వినయమో" అన్నది అత్త. తిట్టుకు ఎదురు చెప్పొచ్చు, మెచ్చుకోలుకు ఎదురు చెబితే మనమే చెడ్డవాళ్ళం. కొన్నేళ్ళకు మా ఆయన కూడా అట్లాగే చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన ఆ రోజు చెప్పులు విప్పిన సంగతి ఆయనే మరిచిపోయాడు.

పాట మెల్లగా పోయింది. ఎవరూ పాడొద్దనలేదు. పైస్థాయి ముందు పోయింది, తర్వాత ఊపిరి పోయింది, ఆ తర్వాత పాడాలన్న కోరిక పోయింది. పోతున్నది నాకు తెలుస్తూనే ఉంది.

పాప పెద్దదైంది. పాట రాలేదు దానికి, కాళ్ళు వచ్చాయి. ఎనభైల చివర, తొమ్మిదో తరగతిలో ఉండగా బడి తరఫున ఖోఖో జట్టులో ఎంపికైంది. కర్నూలులో ఆటలు. సరిగ్గా అదే రోజు మా ఆడబిడ్డ కొత్తింట్లో పాలు పొంగించడం పెట్టుకున్నారు. రాత్రి అన్నాల దగ్గర ఆ మాట వచ్చింది. ఎవరూ పాపను ఆటలకు పోవద్దనలేదు. మామ అప్పటికి లేడు. మా ఆయన పేపరు చదువుకుంటూ, "నీ ఇష్టం మా. మేనత్త ఏమనుకుంటాదో అదొకటి సూసుకో" అన్నాడు. పాప నేను పోతా అన్నది. అప్పుడు అత్త మెత్తగా మొదలుపెట్టింది.

"మీ యమ్మను సూసి నేర్సుకో బంగారూ. నీకోసరం అంత పెద్ద కచేరీనే వదులుకునింది మహాతల్లి. నువ్వు ఇంటికోసరం ఒక్క ఆట మానుకోలేవా?"

పాప ఈ కథను ఊహ తెలిసినప్పటి నుంచీ వింటూనే ఉంది. ఆ రోజు కంచం ముందర నుంచి లేచి నా వైపు తిరిగింది.

"నన్ను తీస్కపోయింటే ఏమయ్యేది మా?" అంది.

వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. అత్త అన్నం కలిపే చెయ్యి ఆపింది. మా ఆయన పేపరు దించాడు. అందరూ మళ్ళీ నా మొహమే చూస్తున్నారు.

"జలుబు చేసేది" అన్నాను. "నాలుగు దినాలకు తగ్గిపోయేది."